మీసాల కొసన నమ్మకం

నెల్లూరు సీమలో వరి పెద్దపంటకు ఈశాన్య రుతుపవనాలే ఆధారం. కార్తీకం నాటికి నాట్లు, మాఘ ఫాల్గుణాలకు కోతలు. ఇందుకూరుపేట, ముత్తుకూరు, అల్లూరు, కోట వైపు మళ్లు ఖాళీ అయ్యేసరికి సముద్రపు గాలి కొయ్యకాళ్ల మీదుగా సూటిగా వీస్తుంది. అటు రొయ్యల గుంటలు, ఇటు సరుగుడు తోపులు, నడుమ వరి గట్లు. ఆ గట్ల కిందే ఇంకో ఊరుంది. దారులూ గదులూ గాదెలూ ఉన్న ఊరు. అది ఎలుకలది.

ఆ ఊరి పొలిమేరలు తెలిసినవాళ్లు యానాదులు. పెన్నా తీరం నుంచి పులికాట్ దాకా, శ్రీహరికోట అడవుల దాకా, ఈ కోస్తా అంతటా తరతరాలుగా బతుకుతున్న గిరిజనులు. చేపలు పట్టడం, అడవి మందులు ఎరగడం, పాముల జాడ తీయడం వాళ్లకు పుట్టుకతో వచ్చిన చదువులు. పొలాల్లో ఎలుకలు పట్టడం కూడా అలాంటి చదువే. 1909లో అచ్చయిన ఎడ్గార్ థర్‌స్టన్ దక్షిణ భారత కులాలూ తెగల గ్రంథంలో యానాదుల ఎలుకల వేట ఉంది. నెల్లూరు స్వాతంత్ర్య యోధుడు వెన్నెలకంటి రాఘవయ్య జీవితంలో ఎక్కువ భాగం వీళ్లకోసమే పనిచేశారు. 1962లో వీళ్ల మీద ఒక పుస్తకమే రాశారు.

గట్టు మీది అక్షరాలు

గట్టులో కన్నం కనబడితే మనం కన్నమనే అంటాం. యానాది కన్ను అక్కడితో ఆగదు. కన్నం ముందు తడిమన్ను కొత్తగా తోడి పోసి ఉంటే లోపల ఎలుక ఉన్నట్టు. మూతికి అడ్డంగా సాలెగూడు కట్టి ఉంటే ఆ ఇల్లు ఎప్పుడో ఖాళీ అయినట్టు. మన్ను గుండ్రటి ఉండలుగా పడి ఉంటే అది పీత బొరియ. కొరికిన వరి వెన్నులు గుమ్మం దగ్గర రాలి ఉంటే లోపల గాదె నిండుతున్నట్టు.

వరి చేలల్లో ఎక్కువగా ఉండే చిన్న పందికొక్కు గొప్ప ఇంటి మేస్త్రి. ఒక గది పిల్లలకు, ఒక గది గింజలకు, బయటికి నాలుగైదు దారులు. వాటిలో ఒక దారిని పైన పల్చటి మట్టి పొరతో మూసి ఉంచుతుంది. ఆపద వస్తే ఆ పొరను తలతో చీల్చుకుని పారిపోతుంది. పైనుంచి చూసేవాళ్లకు అక్కడ మామూలు నేలే కనిపిస్తుంది. వేటకు వచ్చిన యానాది ముందు ఆ దొంగ దారి ఎక్కడుందో చూసి అక్కడ కాపలా పెట్టి, ఆ తర్వాతే మిగతా కన్నాలు మూస్తాడు. అడుగున చిల్లి ఉన్న మట్టికుండలో గడ్డి కుక్కి నిప్పు పెట్టి, కుండ మూతిని కన్నానికి ఆనించి, చిల్లిలోంచి నోటితో ఊదుతాడు. ఆ పొగ ఎలుకనే కాదు, ఊదేవాడి కళ్లనూ ఊపిరితిత్తులనూ మండిస్తుంది. పట్టిన ఎలుక కూరకు, తవ్వి తీసిన వెన్నులు గంజికి.

ఇది వేట, స్నేహం కాదు. అయినా ఎలుకతో స్నేహం చేయాలనుకునే వాళ్లకు ఇందులో మొదటి పాఠం ఉంది. ఎలుక ఎప్పుడు బయటికొస్తుంది, ఎక్కడ ఆగి వాసన చూస్తుంది, దేనికి బెదురుతుంది, ఎటు పారిపోతుంది అన్నది ఎరగనివాడు దాన్ని పట్టలేడు, మచ్చిక చేసుకోనూ లేడు. కావలసింది ఒకటే, ఓపికగా చూడడం.

చీకటిని తడిమే మీసం

ఎలుకకు చూపు తక్కువ. ఎరుపు రంగు దాదాపు ఆనదు, దూరంగా ఉన్నవి మసకగా తోస్తాయి. కానీ మన కంటికి అందని అతినీలలోహిత కాంతి దానికి కనిపిస్తుంది. పరుగెత్తేటప్పుడు దాని రెండు కళ్లూ వేర్వేరు దిక్కులకు తిరుగుతుంటాయని 2013లో జర్మనీ శాస్త్రవేత్తలు చిన్న కెమెరాలు అమర్చి చూసి చెప్పారు. తల ఎటు వంచినా ఆకాశం వైపు చూపు మాత్రం తప్పకుండా చూసుకుంటాయి ఆ కళ్లు. గద్ద వచ్చేది పైనుంచే, గుడ్లగూబ వచ్చేదీ పైనుంచే. పెంపుడు ఎలుకను పైనుంచి చెయ్యి చాపి పట్టబోతే అది గడ్డకట్టినట్టు నిలిచిపోవడానికి కారణం ఇదే. పక్కనుంచి, కింది నుంచి, అరచేయి పైకి చూపిస్తూ వెళ్లిన చెయ్యి దాని లెక్కలో గద్ద కాదు.

చూపు తగ్గిన చోట మీసం పెరిగింది. ముక్కుకు ఇరువైపులా ఉండే పొడవాటి మీసాలను ఎలుక సెకనుకు 5 నుంచి 12 సార్లు ముందుకూ వెనక్కీ ఆడిస్తుంది. గోడ ఎంత దూరం, కన్నం ఎంత వెడల్పు, ఎదుట ఉన్నది రాయా చర్మమా అన్నది ఆ కొసలే చెబుతాయి. ప్రతి పెద్ద మీసానికీ మెదడులో విడిగా ఒక కణాల గుత్తి ఉంది. అంటే ఎలుక తలలో దాని మీసాల పటం గీసి ఉంది. మీ వేలిని మొదటిసారి తాకేది ఆ మీసమే. చక్కిలిగిలి పుట్టి మీరు చేయి లాక్కునే ఆ అరక్షణంలో అది మీ చర్మపు గరుకుదనాన్నీ వణుకునూ కొలిచేసుకుంటుంది.

ఇక ముక్కు. కొత్త తిండి కనబడితే ఎలుక ఒక్క కొరుకు కొరికి ఆగుతుంది. దానికి వాంతి చేసుకునే శక్తి లేదు. మింగింది విషమైతే కక్కేయడం కుదరదు కనుక ముందే అనుమానించడం నేర్చుకుంది. తిన్న తర్వాత ఒంట్లో బాగోకపోతే ఆ రుచిని మళ్లీ ముట్టదు. బయట తిని వచ్చిన తోటి ఎలుక మూతిని వాసన చూసి, దాని ఊపిరిలో ఉన్న తిండి వాసనను గుర్తుపెట్టుకుని, తర్వాత అదే తిండిని ధైర్యంగా ఎంచుకుంటుంది. తినదగినదేదో వాటికి స్నేహితుల శ్వాస చెబుతుంది.

నవ్వు, ఆట, సాయం

మన చెవి 20 వేల హెర్ట్జ్ దాకా వినగలదు. ఎలుకలు సంతోషాన్ని అంతకు రెండింతలకు పైన, 50 వేల హెర్ట్జ్ దగ్గర పలుకుతాయి. అమెరికాలోని ఒహాయోలో జాక్ పాంక్‌సెప్ బృందం 1990ల చివర్లో ఎలుక పిల్లలకు మెడ మీదా పొట్ట మీదా చక్కిలిగింతలు పెట్టి, ప్రత్యేక పరికరంతో ఈ కిచకిచలు విన్నది. చక్కిలిగింతలు పెట్టిన చేతి వెంటే పిల్లలు పరుగెత్తాయి, మళ్లీ పెట్టమని దాన్ని తరిమాయి. అప్పటిదాకా నిశ్శబ్దం అనుకున్న చోట అంత సందడి ఉంది.

2011లో షికాగో విశ్వవిద్యాలయంలో ఒక ఎలుకను ఇరుకు గొట్టంలో బంధించి, దాని నేస్తాన్ని బయట వదిలారు. ఎవరూ నేర్పకపోయినా బయటి ఎలుక ఆ తలుపు తెరవడం నేర్చుకుంది. పక్కనే చాక్లెట్ ముక్కలు పెట్టినా నేస్తాన్ని విడిపించడం మానలేదు, చాలాసార్లు ఆ ముక్కల్లో దానికీ వాటా మిగిల్చింది. 2019లో బెర్లిన్ శాస్త్రవేత్తలు ఎలుకలకు దాగుడుమూతలు నేర్పారు. దాక్కోవడం, వెతకడం, రెండు వంతులూ అవి నేర్చుకున్నాయి. దొరికాక వాటికిచ్చిన బహుమతి తిండి కాదు, చక్కిలిగింతలు. దొరికిన ఎలుక మళ్లీ పరుగెత్తి వేరేచోట దాక్కునేది, ఆట అయిపోకూడదని.

అదే ఏడాది అమెరికాలోని రిచ్‌మండ్ విశ్వవిద్యాలయంలో ఎలుకలు బుల్లి కార్లు నడిపాయి. ఆటవస్తువులూ ఎక్కే మెట్లూ తోడూ ఉన్న విశాలమైన పంజరాల్లో పెరిగినవి, ఖాళీ పంజరాల్లో పెరిగినవాటి కంటే బాగా నేర్చుకున్నాయి. ఎలుకకు ఏదైనా నేర్పాలనుకునేవాళ్లు ఈ సంగతి మరవకూడదు. బతుకులో కాస్త రుచి ఉంటేనే చదువు ఒంటబడుతుంది.

ఓడలెక్కిన ఎలుక, ఒడికెక్కిన ఎలుక

ఈ తీరంలో కొబ్బరి మొవ్వుల్లో గూడు కట్టే నల్ల ఎలుకకు పుట్టిల్లు మన దక్షిణాసియానే. వర్తకుల ఓడలెక్కి అది పశ్చిమానికి పోయింది, రోమన్ల కాలానికే యూరప్ చేరింది. 18వ శతాబ్దం చివర్లో నెల్లూరు దగ్గర ఒక రైతు నాగలి పాడుబడ్డ గుడి ఇటుకలకు తగిలి ఆగితే, అక్కడ తవ్వగా ఒక చిన్న కుండలో రోమన్ బంగారు నాణేలు బయటపడ్డాయి. ఆ బంగారం ఇటు వచ్చిన కాలంలోనే మన మిరియాలూ బట్టలూ అటు పోయాయి, గింజల బస్తాల నీడన ఎలుకలూ పోయాయి.

ఇంట్లో పెంచుకునే ఎలుక మాత్రం ఈ నల్లది కాదు. ఉత్తర చైనా, మంగోలియా ప్రాంతాల నుంచి లోకమంతా పాకిన గోధుమ ఎలుక సంతతి అది. 19వ శతాబ్దంలో లండన్‌లో జాక్ బ్లాక్ అనే ఎలుకల వేటగాడు, పట్టినవాటిలో వింత రంగులవి కనబడితే చంపకుండా పెంచి, ముచ్చటపడినవాళ్లకు అమ్మేవాడు. పెంపుడు ఎలుకల వంశం అలా ఒక వేటగాడి చేతుల్లోంచే మొదలైంది.

మన హైదరాబాద్‌కూ ఇందులో వాటా ఉంది. 1918లో కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ మొదలుపెట్టిన పోషకాహార పరిశోధన, 1958లో హైదరాబాద్‌కు తరలి, ఈనాడు జాతీయ పోషకాహార సంస్థగా తార్నాకలో ఉంది. మెక్‌కారిసన్ ఈ దేశంలో ఒక్కో ప్రాంతం వాళ్లు తినే తిండిని ఒక్కో ఎలుకల గుంపుకు పెట్టి చూశాడు. గోధుమ రొట్టె, పాలు, పప్పు, కూరలు తిన్న గుంపు బాగా పెరిగింది. ఎక్కువగా పాలిష్ బియ్యమే తిన్న గుంపు కృశించింది. ముడిబియ్యం, ఆకుకూరల విలువను మనకు చెప్పినవాటిలో ఆ ఎలుకలూ ఉన్నాయి. మన ఆరోగ్యం వాటికి ఎంతో రుణపడి ఉంది.

మచ్చిక రక్తంలో ఎలా ఇంకుతుందో తెలుసుకోవడానికి 1972లో రష్యాలోని నొవొసిబిర్స్క్‌లో అడవి ఎలుకలను పట్టి రెండు వంశాలుగా విడదీశారు. మనిషి చేతికి బెదరనివాటిని ఒక వైపు, తిరగబడేవాటిని ఇంకో వైపు. తరాలు గడిచేకొద్దీ ఒక వంశం చేతిలో ఒదిగిపోయింది, రెండోది చేతి తొడుగు చూస్తేనే అరిచి మీదికి దూకింది. కానీ అంతా పుట్టుకే కాదు. తల్లి ఎక్కువగా నాకి నిమిరిన పిల్లలు పెద్దయ్యాక భయానికి తేలిగ్గా లొంగవని కెనడాలో మైకేల్ మీనీ బృందం చూపించింది. నిమిరిన స్పర్శ మెదడులోనే మార్పు తెస్తుంది.

చేతిలోకి రావడం

అందుకే ఎలుకతో చెలిమి చేతితోనే మొదలు కావాలి, నెమ్మదిగా. కొత్తగా ఇంటికి వచ్చిన జంటను మొదటి ఒకటి రెండు రోజులు ముట్టకూడదు. మీరు కట్టుకున్న పాత నూలు గుడ్డ ముక్క ఒకటి గూట్లో వేస్తే మీ వాసన వాటి నిద్రలో కలుస్తుంది. పంజరం పక్కన కూర్చుని మెల్లగా మాట్లాడండి. ఎలుక సాయంకాలాల, రాత్రుల జీవి. దీపాలు పెట్టే వేళ దానికి తెల్లవారినట్టు. పగటి నిద్ర చెడగొట్టి చేసే ముద్దు దానికి ముద్దు కాదు.

ఆ తర్వాత చెయ్యి లోపల పెట్టి కదలకుండా ఉంచండి. అరచేతిలో ఒక బొరుగు గింజ. మొదట మీసం వస్తుంది, వెనక్కి పోతుంది. మళ్లీ వస్తుంది, గింజ లాక్కుని మూలకు పరుగెడుతుంది. తొందరపడి వేళ్లు ముడిచారా, ముందు రోజుల శ్రమంతా పోయినట్టే. చివరికి ఒక సాయంత్రం గింజ తీసుకుని పారిపోకుండా మీ అరచేతిలోనే కూర్చుని, రెండు ముందు కాళ్లతో పట్టుకుని తింటుంది. ఆ నిర్ణయం పూర్తిగా దానిదే. మనం దాన్ని మచ్చిక చేశామని చెప్పుకుంటాం. నిజానికి ఇన్నాళ్లూ అది మనల్ని చదివి, ఈ మనిషి ఫరవాలేదని తేల్చుకుంది.

కంబీల సందులోంచి వేలు పెట్టి తినిపించవద్దు, సందులోంచి వచ్చే ప్రతిదాన్నీ కొరకడం అలవాటవుతుంది. తోక పట్టి ఎత్తకూడదు, తోక తోలు ఊడి వచ్చేస్తుంది. రెండు చేతుల దోసిట్లో కింది నుంచి ఎత్తి, గుండెకు ఆనించుకోవాలి. భుజం మీదికి చేరాక అది జుట్టు వాసన చూస్తుంది, చెవిని మీసంతో తడుముతుంది. హాయిగా ఉన్నప్పుడు పళ్లు సన్నగా నూరుతుంది. ఆ కదలికకు కళ్లు లోపలికీ బయటికీ ఊగుతాయి. కొత్తవాళ్లు చూసి హడలిపోతారు గానీ అది దాని పరమానందం. కళ్ల చుట్టూ, ముక్కు దగ్గర ఎర్రటి మరక కనిపిస్తే మాత్రం జాగ్రత్త పడాలి. అది నెత్తురు కాదు, కంటి వెనక గ్రంథి స్రవించే ఎర్రటి రంగు. దిగులో, జబ్బో ఉన్నట్టు గుర్తు.

టిక్కుమన్న చప్పుడు

పేరు పెట్టి పిలిస్తే ఎలుక వస్తుంది. గింజ ఇచ్చే ప్రతిసారీ పేరుతో పిలిచి, "దా నాయనా, దా" అంటే చాలు. కొన్నాళ్లకు ఆ పిలుపు వినగానే పంజరం మూల నుంచి పరుగున వస్తుంది. పై విద్యలకు ఒక చిన్న చప్పుడు కావాలి. బటన్ నొక్కే పెన్ను టిక్కుమంటే సరిపోతుంది. ముందు టిక్, వెంటనే గింజ, ఇలా జత కలిపి చెవికి అలవాటు చేయాలి. తర్వాత ఎలుక మనకు కావలసిన పని చేసిన క్షణానే టిక్ అనాలి. గింజ ఒక క్షణం ఆలస్యమైనా ఫరవాలేదు, చప్పుడు ఆలస్యం కాకూడదు. ఆ చప్పుడే "ఇదిగో, ఇదే నేనడిగింది" అని దానికి చెబుతుంది.

గుండ్రంగా తిరగడం నేర్పాలంటే మొదట తల తిప్పినందుకే టిక్, తర్వాత సగం తిరిగితే, ఆపైన పూర్తిగా తిరిగితే. పెద్ద పనిని చిన్న చిన్న మెట్లు చేసి, ఒక్కో మెట్టు ఎక్కించాలి. పది నిమిషాలకు మించి ఒకేసారి నేర్పవద్దు. తప్పు చేసిందని కసరవద్దు, కసిరితే ఎలుక పాఠాన్ని మరిచిపోయి భయాన్నే గుర్తుంచుకుంటుంది.

ఈ టిక్ చప్పుడు, ఈ గింజ లంచం ఎంత దూరం పోగలవో టాంజానియాలో చూడాలి. బెల్జియంకు చెందిన బార్ట్ వీట్‌యెన్స్ 1997లో మొదలుపెట్టిన అపోపో సంస్థ, మొరొగోరోలోని సొకోయినే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో ఆఫ్రికా పెద్ద ఎలుకలకు మందుపాతరల వాసన పట్టడం నేర్పుతుంది. బుగ్గల్లో తిండి దాచుకునే ఈ ఎలుకలు మన ఎలుకలకు దూరపు చుట్టాలు. పిల్లలు కళ్లు తెరిచిన వారాల్లోనే వాటిని చేతుల్లో, భుజాల మీద తిప్పి మనుషులకూ చప్పుళ్లకూ అలవాటు చేస్తారు. చెలిమి కుదిరాకే చదువు. ఇనుప తుక్కును పట్టించుకోకుండా పేలుడు మందు వాసన దగ్గర మాత్రమే నేల గీరితే టిక్, వెంటనే అరటిపండు ముక్క. శిక్షణకు దాదాపు ఏడాది పడుతుంది.

అలా చదువుకున్న మగావా 2016 నుంచి కంబోడియాలో పనిచేసింది. బరువు 1.2 కిలోలు, మందుపాతర మీద నడిచినా అది పేలదు. టెన్నిస్ కోర్టంత నేలను అరగంటలో గాలించేది, అదే పని లోహ పరికరంతో మనిషి చేస్తే నాలుగు రోజులు పట్టవచ్చు. 2020లో బ్రిటన్ పశువైద్య సేవా సంస్థ పీడీఎస్ఏ జంతువుల ధైర్యానికిచ్చే బంగారు పతకం పొందిన మొదటి ఎలుక అదే. 2021లో విరమించేనాటికి అది చూపినవి 71 మందుపాతరలు, 38 పేలని గుండ్లు. 2022 జనవరిలో ముసలితనంతో కన్నుమూసింది. దాని తర్వాతి తరపు రోనిన్ 109 మందుపాతరలు కనిపెట్టి 2025లో గిన్నిస్ రికార్డు అందుకుంది. కంబోడియాలో ఈనాడు పిల్లలు ఆడుకునే నేలలు, వరి పండే మళ్లు కొన్ని ఈ ఎలుకల ముక్కు పుణ్యమే. ఈ జాతి ఎలుకలే అదే సంస్థలో కఫం నమూనాల్లో క్షయ జాడనూ పసిగడుతున్నాయి.

రోహిణి కార్తెలో తోక

నెల్లూరు ఎండలు తెలిసినవాళ్లు ఎలుకను పెంచాలనుకుంటే దాని తోకను తెలుసుకోవాలి. ఎలుకకు మనలా ఒళ్లంతా చెమట పట్టదు. వేడెక్కినప్పుడు బోసిగా ఉన్న తోకలోకి నెత్తురు ఎక్కువగా పారించి, అక్కడి నుంచి వేడిని గాలిలోకి వదులుతుంది. కానీ చుట్టూ గాలే నిప్పులు చెరుగుతుంటే తోక ఏం చేయగలదు? రోహిణి కార్తెలో రేకుల కింద, వరండాలో ఉంచిన ఎలుక వడదెబ్బకు గంటల్లో పోతుంది. ఇంట్లో చల్లటి గది, నేల మీద తడిపిన మట్టి పెంకు, ఎప్పుడూ నిండుగా నీళ్లు, కాసిని దోసకాయ ముక్కలు తప్పనిసరి. ధూళి, ఘాటు వాసనలు, అగరొత్తుల పొగ దాని ఊపిరికి పడవు. ఊపిరి జబ్బులే పెంపుడు ఎలుకలను ఎక్కువగా బాధిస్తాయి.

ఒంటరిగా పెంచవద్దు. రెండు ఆడవో రెండు మగవో కలిపి పెంచండి. ఆడా మగా కలిస్తే మూడు వారాలకే పది దాకా పిల్లలు. అన్నిటికన్నా ముఖ్యం, గట్టు మీదో అటక మీదో దొరికిన ఎలుకను పెంపుడు ఎలుక అనుకోవద్దు. తరాల తరబడి మనిషి చేతిలో పుట్టినది వేరు, పొలంలో పుట్టినది వేరు. పొలం ఎలుక మూత్రంతో లెప్టోస్పైరోసిస్, మనవాళ్లు ఎలుకల జ్వరం అనేది, వస్తుంది. తడి మడిలో చెప్పుల్లేకుండా పనిచేసే కాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. పెంపుడు ఎలుకను తాకినా చేతులు కడుక్కోవడం మానవద్దు.

దాని ఆయువు రెండు మూడేళ్లే. అంత చిన్న జీవితంలో మనల్ని నమ్మడానికి కొన్ని వారాలు ఖర్చు పెడుతుంది. ఆ ఖర్చుకు తగ్గట్టు మనం ఉండాలి.

ఆరుగాలం కష్టపడి పండించిన వెన్నును ఎలుక కొరికితే రైతుకు వచ్చే కోపం న్యాయమైనదే. ఈ మాటలేవీ ఆ నష్టాన్ని తక్కువ చేయవు. కానీ దాని నవ్వును వినడానికి ఒహాయోకు పరికరం కావలసి వచ్చింది, దాని ముక్కు విలువ తెలియడానికి కంబోడియాలో యుద్ధాలు జరగవలసి వచ్చింది. దాని నడక, దాని బెదురు, దాని తెలివి ఎరిగినవాళ్లు మాత్రం నెల్లూరు తీరంలో ఏ కాలంలోనూ లేకుండా పోలేదు. 1969లో శ్రీహరికోట రాకెట్ కేంద్రానికి ఎంపికైంది. దాంతో అక్కడి యానాదుల్లో కొందరు ఆ దీవి విడిచి వచ్చారు. వాళ్ల చదువు వాళ్లతోనే గట్ల మీదికి వచ్చింది. ఆ చదువును ఇప్పటికీ మనం కూలి పనిగానే లెక్క కడుతున్నాం. కన్నం ముందు మన్ను చూసి లోపలి కాపురం చెప్పగల యానాది పిల్లవాడు ఏ బడిలోనైనా జీవశాస్త్రం పాఠం చెప్పగలడు. అతణ్ని వెనక బెంచీలో కూర్చోబెట్టడం మానేసి, ఆ పాఠం చెప్పమని అడగాలి.